మూడు పొరల ఫైర్ సూటు: ఎండాకాలాల్లో వాడాక

ఈ సూటు మీద నా కోపమంతా కోటు లోపల కుట్టిన లేబుల్ దగ్గరే మొదలవుతుంది. ఈఎన్ 469 (ఫైర్ సిబ్బంది సూట్లకు యూరప్ పెట్టిన ప్రమాణం) అని రాసి, కింద ఎక్స్2, వై2, జడ్1 అని ఉంటుంది. వేడిని ఎంత ఆపుతుందో ఎక్స్ చెబుతుంది, నీళ్లను ఎంత ఆపుతుందో వై చెబుతుంది. ఒంటి చెమట ఆవిరై బయటికి పోతుంటే సూటు ఎంత అడ్డుపడుతుందో జడ్ చెబుతుంది. జడ్2 రావాలంటే ఆ అడ్డు 30 దాటకూడదు, జడ్1కి 45 దాకా ఉన్నా పాసే. కొనేటప్పుడు అందరూ ఎక్స్2 ఉందా లేదా అనే చూస్తారు. గుంటూరు వైపు మే నెలలో పని చేసేవాళ్లకు అసలు చూడాల్సింది జడ్.

మంట విషయంలో మాత్రం దీనికి వంక పెట్టను. ఒక హోటల్ వంటగదిలో గ్యాస్ లీకై మంట ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. కోటు భుజం రంగు మారిందే తప్ప లోపల చర్మానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత స్టేషన్‌లో కనిపించిన ప్రతి ఒక్కరి దగ్గరా దీన్ని పొగిడాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే అది జనవరి రాత్రి, కాసేపట్లో తేలిపోయిన పని.

మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే ఒక పూటలో తేలదు. పైకి మంట ఆరినట్టే ఉంటుంది, టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టల లోపల రగులుతూనే ఉంటుంది. ఒక్కో టిక్కీ లాగి, విప్పి, తడపాలి. ఆ ఘాటుకు బీఏ సెట్ (వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు) లేకుండా గుమ్మం కూడా తొక్కలేం. సూటు, బూట్లు, హెల్మెట్, సిలిండర్ అన్నీ కలిపి ఇరవై కేజీల పైమాటే. చల్లదనం బయటికి పోకుండా కట్టిన గది కదా, వేడిని కూడా అలాగే పట్టి ఉంచుతుంది.

అలాంటి చోట నా వెనక హోస్ పట్టుకున్న కుర్రాడు రోజూ పొద్దున్నే పరుగెత్తే గట్టి మనిషి. "తమ్ముడూ, లైన్ కొంచెం ముందుకివ్వు" అన్నాను. పలకలేదు. మళ్లీ అడిగితే "టెండర్ తాళాలు ఎక్కడున్నాయన్నా?" అన్నాడు. టెండర్ అంటే మా ఫైరింజన్. వెంటనే భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. కోటు విప్పుకుందామని చూశాడు కానీ జిప్పు మీద వేళ్లు నిలవలేదు. మేమే విప్పాం. బనియన్ పిండితే నీళ్లు కారాయి. ఒళ్లు కాలిపోతోంది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, "చలేస్తోందన్నా" అంటున్నాడు. ఆ మాట వినగానే నాకు నిజంగా భయమేసింది. బూట్లు, ప్యాంటు కూడా లాగేసి, టెండర్ నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ అట్టముక్కలతో విసిరాం. ఒకరు 108కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చేసరికి మాట కుదుటపడింది. ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు.

మంట వాణ్ని తాకనేలేదు. వాడి ఒంట్లో పుట్టిన వేడే బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోయింది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. సూటు లోపల అది ఆరదు. పైగా బయటికొచ్చాక కూడా కొన్ని నిమిషాల పాటు లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. "ఇంకొంచెం పని ఉంది, అయ్యాక వస్తా" అనేవాళ్లను చూస్తే ఇప్పుడు నాకు టెన్షన్ వస్తుంది.

సప్లయరు తరఫు మనిషిని అడిగితే "సర్టిఫికెట్ ఉంది కదా సార్" అన్నాడు. ఉంది, కాదనను. జడ్1 కూడా పాసే కదా!

అప్పటి నుంచి మా జట్టులో రెండు సిలిండర్లు అయ్యాక ఎవరైనా సరే ఇరవై నిమిషాలు బయట కూర్చోవాల్సిందే. కోటు ఒక్కటే విప్పితే చాలదు, ప్యాంటు కూడా కిందికి దించాలి. ఒక టబ్బులో చల్లటి నీళ్లు పోసి మోచేతుల దాకా చేతులు ముంచుతాం. ఇంత చిన్న పని ఇంత ఉపయోగపడుతుందని నేను అనుకోలేదు. ఫ్యాను ముందు కూర్చున్నా తగ్గని దడ దీంతో తగ్గుతోంది. చెమటతో తడిసిన లైనర్ (సూటు లోపలి పొర) మాత్రం మళ్లీ వేసుకోకండి. వేడి తగిలితే ఆ తడే ఆవిరై చర్మాన్ని కాలుస్తుంది.

పక్క స్టేషన్ వాళ్ల జడ్2 కోటు ఒకసారి వేసుకుని చూశాను. తేడా తెలుస్తుంది, అయినా మిట్టమధ్యాహ్నం అదీ ఉక్కపోతే. నాకు నలభై దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటాను, అందుకే నాకు ఎక్కువ అనిపిస్తుందేమో. ఇల్లు, షాపు, కారు లాంటి త్వరగా తేలే మంటలకైతే ఈ పాత సూటే నిశ్చింతగా వేసుకుని వెళ్తాను. గంటల తరబడి సాగే గోడౌన్ పనికైతే ఇది ఇమ్మని ఎవరికీ చెప్పను. వచ్చే ఇండెంట్‌లో (స్టేషన్‌కు కావాల్సిన సామాన్ల జాబితాలో) జడ్2 అడిగాను. మంట పూర్తిగా ఆరాక టిక్కీలు ఆరుబయట విప్పే పనికి ఒకే పొర ఉన్న పలుచటి కోట్లు విడిగా కావాలని కూడా రాశాను.