పాత సెయిల్‌బోట్ కొంటున్నారా? “బల్క్‌హెడ్ కొత్తగా వేయించాం” అంటే ఒక్క బోల్టు తీసి చూడండి

చిన్న సెయిల్‌బోట్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నేను కొన్నది 24 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. “మెయిన్ బల్క్‌హెడ్ ఈమధ్యే మార్పించాను, ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు” అన్నాడు అమ్మినాయన. లోపలికి దిగి చూస్తే గోడ అద్దంలా మెరుస్తోంది. నమ్మేశాను.

బల్క్‌హెడ్ అంటే క్యాబిన్‌ని రెండుగా విడదీసే అడ్డుగోడ, అంతే అనుకునేవాణ్ణి. కానీ మాస్ట్ (తెరచాపను మోసే నిలువు స్తంభం) డెక్ మీద, అంటే పడవ పైకప్పు మీద, నిలబడే చిన్న పడవల్లో చాలావాటికి, మాస్ట్ కిందికి తొక్కే బరువును మోసేది ఈ ప్లైవుడ్ గోడే. మాస్ట్‌ని రెండు పక్కలా పట్టి ఉంచే స్టీలు వైర్లు తగిలించే లోహపు పట్టీలను, అంటే చెయిన్‌ప్లేట్లను కూడా తరచుగా దీనికే బోల్టులతో బిగిస్తారు. ఒకే చెక్కను మధ్యలో మాస్ట్ కిందికి తొక్కుతూ, అంచుల్లో వైర్లు పైకి లాగుతూ ఉంటాయన్నమాట. అది పుచ్చిపోయి ఉంటే, గాలి గట్టిగా కొట్టిన రోజున మాస్ట్ మనుషుల మీదే కూలవచ్చు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

నాకు మొదట కనిపించింది వైర్ల వదులు. గాలికి అవతలి వైపు వైర్లు కొద్దిగా వదులవడం మామూలే, కానీ నా పడవలో అవి తాడులా వేలాడేవి. బిగించాను. రెండోసారి నడిపేసరికి మళ్లీ వదులు. ఇంకాస్త బిగిస్తే క్యాబిన్ తలుపు పట్టేసింది. పైన డెక్ కిందికి దిగుతోంది కాబట్టే తలుపు పట్టేస్తోందని అప్పుడు నాకు తట్టలేదు. ఒకరోజు వాన వెలిశాక చెయిన్‌ప్లేట్ కింద తడి చార కనిపించింది. అనుమానం వచ్చి ఒక బోల్టుకు స్పానర్ పెట్టాను. నట్టు తీయగానే బోల్టు చేతికి ఊడి వచ్చేసింది. దాని మరల నిండా తడిసిన రంపపు పొట్టులాంటి నల్లటి ముద్ద. బోల్టు ఉన్న బెజ్జంలోంచి తుప్పు రంగు నీళ్లు కారాయి. ముక్కిపోయిన వాసన. అందులో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది.

అంచు లేపి చూస్తే విషయం తెలిసింది. పుచ్చిన పాత ప్లైవుడ్‌లో పుట్టీ నింపి, పైన పలచటి కొత్త ప్లై అంటించి వార్నిష్ కొట్టారు. పైన పటారం, లోన లొటారం. ఆయన మార్పించింది బల్క్‌హెడ్‌ని కాదు, దాని ముఖాన్ని.

చాలామంది సముద్రపు నీటిని అనుమానిస్తారు. చెక్కను ఎక్కువగా తినేది వాన నీళ్లు. పుచ్చు పట్టించే ఫంగస్‌కి ఉప్పు పడదు, మంచినీటి తడి కావాలి. చెయిన్‌ప్లేట్ డెక్‌ని దాటి కిందికి దిగే సందులో సీలెంట్ పగిలితే, వాన నీరు ఆ లోహం వెంటే జారి బోల్టు బెజ్జాల్లోకి చేరి, ప్లైవుడ్ కోసిన అంచుల్లోకి ఇంకుతుంది. అందుకే పుచ్చు లోపల మొదలై, పైకి ఆఖరున కనిపిస్తుంది.

కొనేముందు స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తట్టండి, ముఖ్యంగా పై మూలల్లో, అడుగు అంచున. గట్టి చెక్క టక్కుమంటుంది, పుచ్చింది మొద్దుగా మోగుతుంది. కానీ నా పడవలోలా పైన కొత్త పొర ఉంటే ఈ శబ్దం మోసం చేయగలదు. తేమ మీటరు కూడా ఉప్పుకీ లోహానికీ తప్పు చూపిస్తుంది. అందుకని ఎవరూ రంగు వేయని చోటికి, అంటే లాకర్ల లోపలికి, టార్చ్ వేసి చూడండి. బల్క్‌హెడ్‌ని పడవ గోడకు కలిపే ఫైబర్‌గ్లాస్ పట్టీని కోయకుండా దాన్ని మార్చడం దాదాపు కుదరదు. గోడ కొత్తగా, పట్టీ మాత్రం పాతబడి పసుపుపచ్చగా ఉంటే అది మార్చింది కాదు. చివరగా, ఒక్క చెయిన్‌ప్లేట్ బోల్టు తీసి చూపించమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.

రిపేరులోనూ ఒక ఉచ్చు ఉంది. “పల్చటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు లాంటి రెసిన్) ఎక్కిస్తే రాయిలా అయిపోతుంది” అని ఒకాయన చెప్పాడు. పుచ్చిన చెక్క గట్టిపడవచ్చేమో కానీ, తెగిపోయిన పీచుకు బలం తిరిగి రాదు. మాస్ట్ దించి, పాతదంతా కోసి తీసేశాను. గ్రైండర్ దుమ్ముకి మంచి మాస్క్ తప్పనిసరి. కొత్త పలక ప్రవేశ ద్వారంలో పట్టక రెండు ముక్కలుగా దించి లోపల అతికించాను. బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం చేసిన మెరైన్ ప్లైవుడ్ వాడి, అంచులన్నిటికీ ఎపాక్సీ పట్టించాను. పలక అంచు పడవ గోడను నేరుగా పొడవకుండా మధ్యలో ఫోమ్ పట్టీ పెట్టి, రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ వేశాను. బోల్టు బెజ్జాలు పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, దాని మధ్యలోంచి మళ్లీ తొలిచాను. చెయిన్‌ప్లేట్లు తీస్తే, డెక్‌లో దాగిన భాగంలో సన్నటి పగుళ్లు. పైకి మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలే అది. అవీ మార్చాను.

ఇదంతా పూర్తవడానికి ఒక సీజన్ మొత్తం పోయింది. మాస్ట్ తిరిగి నిలబెట్టాక వైర్లు మళ్లీ వదులు కాలేదు. క్యాబిన్ తలుపు ఒక్క వేలితో మూసుకుంటోంది. ప్రతి వాన తర్వాత మాత్రం ఇప్పటికీ టార్చ్ పట్టుకుని చెయిన్‌ప్లేట్ల కింద తడి ఉందేమో చూస్తున్నాను.