బ్రేకులు కొండెక్కాయి: అద్దె మౌంటెన్ బైకుతో మారేడుమిల్లి దిగిన కథ

కొట్టు పేరు మాత్రం రాయనండి, కోనసీమలో అందరికీ అందరూ తెలుసు, రేపు ఏ పెళ్ళి భోజనాల్లోనో పక్క కుర్చీలో ఆయనే కూర్చుంటాడు. మావైపు పాత సైకిళ్ళ కొట్టే, ఈమధ్య నాలుగు మౌంటెన్ బైకులు కొని అద్దెకిస్తున్నాడు. రోజుకి 800, డిపాజిట్ 5000. నేనూ మా బావా రెండ్రోజులకి చెరోటి తీసుకున్నాం.

బండి చూడ్డానికి బానే ఉంది. 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు 100 మిల్లీమీటర్లు లోపలికి దిగే ఫోర్కు, వెనక సస్పెన్షన్ లేదు, హార్డ్‌టెయిల్ అంటారే అది. అసలు డౌన్‌హిల్ రేసు బండ్లకైతే ముందూ వెనకా కూడా 200 దాకా ఉంటుంది, అవి లక్షల్లో మాట, 800కి అది అడిగితే మనకే ఎటకారం ఎక్కువైనట్టు. ముందురోజు సాయంత్రం కాలవగట్టు మీద ముక్తేశ్వరం వైపు ఓ పది కిలోమీటర్లు తొక్కి చూశాను, వెన్నలా పోయింది, ఇంకేం చూసుకోవాలి అనుకున్నా. అక్కడే పప్పులో కాలేశాను. మా డెల్టాలో డౌన్ అంటే ఏటిగట్టు దిగడం, అప్ అంటే లాకుల దగ్గర వంతెన ఎక్కడం, ఇలాంటి నేల మీద సైకిలుకి బ్రేకు ఉన్నా లేకపోయినా ఎవడికి తెలుస్తుందండీ? మేకొచ్చి అడ్డం పడితే కాలు కింద పెట్టేస్తాం, అయిపోయింది.

తెల్లారుజామున నాలుగింటికి కొబ్బరికాయలు తోలే బొలెరోలో సైకిళ్ళు పడేసి బయల్దేరాం. రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి దగ్గరదగ్గర 85 కిలోమీటర్లు, రంప దాటాక గాలే మారిపోద్ది. మేం దిగింది పేరున్న ట్రైలేం కాదు, ఒకప్పుడు వెదురు లారీలు తిరిగిన పాత కూపు రోడ్డు, ఇప్పుడు సగం పూడిపోయి కాలిబాటయింది. ఫారెస్టోళ్ళని అడిగి, అక్కడి కుర్రోణ్ణి గైడుగా పెట్టుకుని వెళ్ళాం. మనిషికి 500 తీసుకున్నాడు. ఈ ట్రిప్పు మొత్తంలో పైసా వృథా కాని ఖర్చు అదొక్కటే.

బొలెరో మమ్మల్ని పైన దింపింది. ఆ కుర్రోడు సైకిళ్ళెక్కనివ్వకుండా ముందుగా టైర్లు బొటనవేలితో నొక్కి చూసి నవ్వాడు. కొట్టులో రాయిలా కొట్టేశారు గాలి, తారు రోడ్డు మీద అది హాయే, రాళ్ళ మీద మాత్రం బండి బంతిలా ఎగురుద్ది, పట్టుండదు. సగానికి సగం తీసేశాడు, దగ్గరదగ్గర 30 పీఎస్‌ఐ ఉంటుందేమో. ఇంకా తియ్యమంటే, వద్దు అన్నా, ఇవి ట్యూబు టైర్లు, మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి, పాము కాటేసినట్టు, అన్నాడు. తర్వాత సీట్లు కిందికంటా దించాడు. దిగేప్పుడు కూర్చోకూడదంట, పెడల్స్ రెండూ సమానంగా పెట్టి వాటి మీద నిలబడాలి, మోకాళ్ళూ మోచేతులూ వంచి, నడుం కాస్త వెనక్కి, బ్రేకు మీద ఒక్క వేలు, చూపు చక్రం దగ్గర కాదు, ముందెక్కడికి పోవాలో అక్కడ.

మొదటి వంద మీటర్లు తస్సాదియ్యా అనిపించింది. మొదటి మలుపులో బ్రేకు నొక్కాను. లివరు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదు, ఏదో మొహమాటానికి కొంచెం తగ్గుతోందంతే. ఎండు వెదురాకులు పరుపులా పరిచున్నాయి, వాటి కింద ఏముందో కనపడదు, కంగారులో రెండు బ్రేకులూ పిడికిలి బిగించి పట్టేసరికి నేనో పక్క, సైకిలో పక్క. వెదురు పొదలో పడ్డాను కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది, పొద లేకపోతే అవతల లోయే. వెనకాల మా బావ ఎప్పుడో వాలీబాల్ ఆడిన రోజుల్నాటి మోకాలి పట్టీలేసుకుని దర్జాగా నడిపించుకుంటూ వచ్చాడు.

కుర్రోడు డిస్కు మీద వేలుతో రాసి వాసన చూసి, నూనె అన్నాడు. సంగతేంటంటే కొట్టాయన బ్రేకు కీచుమంటోందని డిస్కు మీద ఆయిల్ స్ప్రే కొట్టాడు! గొలుసుకి నూనె పెట్టే చెయ్యి కదా, చప్పుడొచ్చిన ప్రతి చోటా అదే మందు. పాత రాడ్ బ్రేకు సైకిల్లో ఇరుసులకీ పివోట్లకీ నూనె పెడితే మంచిదే, డిస్కు బ్రేకులో డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే పాడ్లు ఆ నూనె తాగేశాయంటే ఇక పట్టవు, మార్చుకోవాల్సిందే. అడవిలో పాడ్లెక్కణ్ణుంచి వస్తాయి, నా బ్యాగులో కరోనా నాటి శానిటైజర్ సీసా ఉంది, దాంతో డిస్కు నాలుగుసార్లు తుడిచి, పాడ్లు పీకి గరుకు రాయి మీద అరగదీసి, చదును చోట ఓ పదిసార్లు తొక్కి ఆపి, తొక్కి ఆపి, సగం బ్రేకు తెప్పించాడు. బావ బండి పరిస్థితీ అంతే.

ఆ సగం బ్రేకుతోనే అసలు విద్య వచ్చింది. అదేపనిగా పట్టుకుని దిగితే వేడెక్కి ఉన్నదీ పోద్ది, అందుకని మలుపుకి ముందే గట్టిగా ఒక పట్టు పట్టి, మలుపులో వదిలెయ్యాలి. వదిలితే పడిపోతాం అనిపిస్తుంది, నిజానికి వదిలితేనే చక్రం నేలని పట్టుకుంటుంది. తడి వేరు మీద బ్రేకు అసలు ముట్టుకోకూడదు, అడ్డంగా కాకుండా ఎదురుగా దాటాలి. మధ్యలో ఓ చిన్న వాగుంది, మోకాలి లోతు కూడా లేదు, దాన్ని దాటి అవతల గట్టెక్కేసరికి చేతులు రెండూ తిమ్మిరెక్కి అరచేతులు మంట. అక్కడ కూర్చుని ఓ పావుగంట ఎవరం మాట్లాడలేదు, పిట్టలు తప్ప. మూడు కిలోమీటర్ల దిగుడుకి గంటంపావు పట్టింది, సిగ్గేం లేదు.

ఈ ఆట మొదలైన చోటా బ్రేకుదే గొడవంట. కాలిఫోర్నియాలో టమల్‌పైస్ కొండ దగ్గర 1976లో పాత లావు టైర్ల సైకిళ్ళతో రేసులు పెట్టుకునేవారు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటికి, దిగేసరికి చక్రం మధ్య హబ్బులో గ్రీజు కాగి పొగైపోయేది, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి రీప్యాక్, అంటే మళ్ళీ కూరడం, అని పేరు పడింది. మా కొట్టాయన అక్కడుంటే వెలిగిపోయేవాడు.

తిరిగొచ్చి సైకిళ్ళు అప్పజెబుతూ, డిస్కు మీద నూనె కొట్టారేంటి బాబాయ్, ప్రాణం పోయేది కదా అంటే, మరి చప్పుడొస్తోందన్నారు కదండీ అన్నాడు. ఇప్పుడొస్తోందా అని కూడా అడిగాడు. రావట్లేదు, నిజమే. హ్యాండిల్ గ్రిప్పు చిరిగిందని డిపాజిట్లో 700 కోసుకున్నాడు, అది నాకింకా మింగుడు పడట్లేదు. హెల్మెట్ల బెల్టులు కూడా వదులు, గడ్డం కింద రెండు వేళ్ళకి బదులు చెయ్యంతా దూరుద్ది.

కాలవగట్టు మీద పిల్లల్తో తిరగడానికైతే హాయిగా తీసుకోండి, ఐదుకి నాలుగిస్తా. కొండకైతే ఐదుకి ఒకటిన్నర, ఆ ఒకటిన్నరా ఫోర్కుకి. తీసుకునే ముందు గట్టు మీద కాదు, ఏదైనా ఫ్లైఓవర్ దిగుతూ రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి, కొత్త పాడ్లు ఓ జత జేబులో వేసుకోండి. వానల్లో ఆ దారి వద్దు. మేం మళ్ళీ సంక్రాంతి వెళ్ళాక వెళ్తున్నాం, గైడు కుర్రోడికి ఫోన్ చేసి చెప్పాను, బావ మాత్రం ఈసారి బొలెరోలోనే దిగుతాడంట.