ఫ్రెండ్ ఇల్లా, ముక్కూ మొహం తెలియని హోస్ట్ ఇల్లా: యూరప్‌లో ఎక్కడ దిగితే మేలు?

తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు. హోటల్ ఖర్చు లేకుండా ఎలా తిరిగావు, అక్కడ మా బ్యాచ్‌మేట్ ఒకతి ఉంది దానింట్లో దిగమంటావా, లేక ఆ కౌచ్‌సర్ఫింగ్ (ముక్కూ మొహం తెలియనివాళ్ళు తమ ఇంట్లో అద్దె లేకుండా దిగనిచ్చే సైట్) లాంటిదేదో చూసుకోమంటావా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు నా లెక్క. మొత్తం 23 రాత్రులు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మాగ్డెబర్గ్, డ్రెస్డెన్, ప్రాగ్, ఒలొమోత్స్, వియన్నా, మ్యూనిక్ చూసుకుని మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే విమానం ఎక్కాను. అందులో 11 రాత్రులు ఫ్రెండ్స్ ఇళ్ళలో (మాగ్డెబర్గ్‌లో కాలేజీ జూనియర్ దగ్గర 4, మ్యూనిక్‌లో ఇంజినీరింగ్ రూమ్మేట్ ఇంట్లో 7), 8 రాత్రులు అప్పటిదాకా మొహమైనా చూడని హోస్టుల దగ్గర, 4 రాత్రులు టూరిస్టు హాస్టళ్ళలో (గదిలో మంచం అద్దెకిచ్చేవి). బయల్దేరేముందు ఎవరైనా అడిగుంటే, ఫ్రెండ్ ఇల్లుండగా ఇంకో ఆలోచన దేనికి అనేదాన్ని. ఇప్పుడు అనను.

డబ్బు సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను, ఎందుకంటే అందరూ దానితోనే మొదలుపెడతారు, నా దృష్టిలో అది తేల్చేదే కాదు. రెండు చోట్లా అద్దె సున్నా, రెండు చోట్లా ఉత్తచేతులతో వెళ్ళం. హోస్ట్‌కి డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే చిన్నబుచ్చుకుంటారు కూడా. ఒక పూట వంట చేసి పెడితే చాలు. ఫ్రెండ్ ఇంటికైతే ఇక్కడ్నుంచే సగం సూట్‌కేసు వాళ్ళదే. ఆవకాయ, కందిపొడి, గొడ్డుకారం, పిల్లకి పట్టులంగా, వాళ్ళ అమ్మగారు పంపిన ఇంకో మూడు కిలోలు. బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని తేలిగ్గా తిరుగుదామనుకున్నదాన్ని, మ్యూనిక్ చేరేదాకా ఆ మూడు కిలోలూ వీపు మీదే ఉన్నాయి. అన్నట్టు నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం ఎవరు బతిమాలినా పెట్టుకోకండి. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, పట్టుకుంటే అక్కడే పడేస్తారు.

వీసా దగ్గర మాత్రం ఫ్రెండ్‌కే మార్కులు. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఎక్కడుంటామో కాగితం చూపించాలి, మొహం తెలియని హోస్ట్‌ని ఆహ్వాన లేఖ రాసిమ్మని అడగడం అస్సలు బాగోదు. ఫ్రెండ్‌ని అడగొచ్చు. మన బ్యాంకు ఖాతాలో డబ్బు మనమే చూపించుకుంటే జర్మనీకి మామూలు ఆహ్వాన లేఖ సరిపోతుంది. ఫ్రాన్స్‌లో ఫ్రెండ్ ఇంట్లో దిగాలంటే వాళ్ళు అక్కడి మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి పత్రం తీసుకోవాలి. మా రూమ్మేట్ ఉంది చూశారూ, నేను వద్దంటున్నా వినకుండా హాఫ్ డే సెలవు పెట్టి, విదేశీయుల ఆఫీసుకి వెళ్ళి, జీతం స్లిప్పులు చూపించి, 29 యూరోలు కట్టి, నా ఖర్చులన్నిటికీ తనే పూచీ అని సంతకం పెట్టి వచ్చింది. నేను అక్కడ ఏదైనా తేడా చేస్తే ఆ ప్రభుత్వం డబ్బు వసూలు చేసేది దాని దగ్గర. ఆ 29 యూరోలు తిరిగిస్తానంటే తిట్టింది.

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. తేల్చేది డబ్బు కాదు, తిండి కాదు, భద్రత కూడా కాదు (దాని గురించి కింద రాస్తాను). మొహమాటం. ఏ ఇంట్లో మొహమాటం తక్కువో ఆ ఇల్లు మేలు. నేననుకున్నదానికి ఇది పూర్తిగా తిరగబడింది.

మ్యూనిక్ ఇల్లు చూడండి. రెండు గదుల ఫ్లాట్. మా రూమ్మేట్, వాళ్ళాయన, ఏడు నెలల పాప, పాపని చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు. నాకు హాల్లో సోఫా. పెద్దావిడ చాలా మంచి మనిషి, పొద్దున్నే లేచి నాకోసం ఉప్మా కలిపి ఇచ్చేది, అది తినకుండా బయటికి వెళ్తే బాధపడుతుందని ఎనిమిదింటికి ఎక్కాల్సిన రైలు పదింటికి ఎక్కేదాన్ని. ఒక్కదానివే ఇలా తిరుగుతుంటే ఇంట్లో ఏమీ అనరా అమ్మా, సంబంధాలు చూస్తున్నారా, అని అడిగేది. తప్పుగా ఏం కాదు, మా అమ్మ అడిగినట్టే. కానీ అది వినడానికి విమానం ఎక్కి రానక్కర్లేదు కదా!

తాళంచెవి గొడవ వేరే. ఆ ఫ్లాట్‌కి రెండే చెవులు. అక్కడ చాలా బిల్డింగుల్లో కింద మెయిన్ డోరుకీ, ఇంటి తలుపుకీ కలిపి ఒకటే చెవి ఉంటుంది. అది పోగొడితే మొత్తం బిల్డింగు తాళాలన్నీ మార్చాల్సి రావచ్చు, ఆ బిల్లు వేల యూరోల్లోకి పోతుంది. అందుకని నా చేతికి ఇవ్వడానికి వాళ్ళాయనకి భయం, అడగడానికి నాకు సిగ్గు. దాంతో నేను ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు తలుపు తీయాలి. ఒకరోజు రాత్రి తొమ్మిదింపావుకి వచ్చి కింద నిలబడి బెల్ దాకా చెయ్యి పెట్టి తీసేశాను, పాప అప్పుడే పడుకుని ఉంటుందని. మెసేజ్ పెట్టాను, చూడలేదు. అక్టోబర్ చలిలో నలభై నిమిషాలు ఆ వీధిలోనే పైకీ కిందకీ నడిచాను. చివరికి చెత్త పడేయడానికి కిందకొచ్చిన వాళ్ళాయన నన్ను చూసి అదిరిపడ్డాడు, బెల్ కొట్టొచ్చు కదండీ అని. కొట్టొచ్చు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది, ఇక్కడ రాయను.

వాళ్ళు నన్నేమైనా ఇబ్బంది పెట్టారా అంటే లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు, బాధంతా అదే. స్నానం ఎప్పుడు చేయాలో, వాషింగ్ మెషీన్ వాడొచ్చో లేదో, ఐదో రోజుకి నేను బరువవుతున్నానో లేదో ఎవరూ చెప్పరు, నేనూ అడగను. నేను వెళ్తానంటే ‘అప్పుడేనా’ అంటారు. ఆ మాట నిజంగా అన్నదో, అనాలి కాబట్టి అన్నదో పదకొండేళ్ళ స్నేహంలో కూడా కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు ఒలొమోత్స్. చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్ నుంచి తూర్పుగా రైల్లో రెండు గంటల పైచిలుకు, లక్ష జనాభా ఉన్న ఊరు. అక్కడ ఒక రిటైర్డ్ జాగ్రఫీ టీచర్. నేను వెళ్ళేసరికి టేబుల్ మీద ఒక కాగితం, దాని పక్కన ఎర్ర ఉన్ని దారం కట్టిన తాళంచెవి. కాగితం మీద ఇంగ్లీషులో ఆరు వాక్యాలు: బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి, బుట్టలో చెప్పులున్నాయి. బాత్రూమ్ ఏడు నుంచి ఏడున్నర దాకా నాది. రాత్రి పది తర్వాత చప్పుడు వద్దు. ఫ్రిజ్‌లో కింది అర నీది. చెవి పోగొడితే నిజం చెప్పు. రెండు రాత్రులు. అంతే. అది చదివాక నా భుజాలు కిందకి దిగాయి. ఏం చేయొచ్చో ఏం చేయకూడదో తెలిసిపోయింది, ఇంక ఊహించాల్సిన పని లేదు. రెండో రోజు సాయంత్రం ఆవిడే ‘ఇంకో రాత్రి ఉంటావా?’ అంది. అది మర్యాదకి అడిగిన మాట కాదని నాకు తెలుసు, ఎందుకంటే మర్యాదకి మాట్లాడే మనిషైతే ఆ కాగితం రాసి ఉండేది కాదు.

ఊరు కూడా అలాగే దొరికింది. ప్రాగ్‌లో 1410 నాటి ఖగోళ గడియారం కింద జనం తల మీద జనం, గంట కొట్టగానే కిటికీల్లో సెయింట్లు తిరుగుతుంటే అందరూ ఫోన్లెత్తుతారు. ఒలొమోత్స్‌లోనూ టౌన్ హాల్ గోడకి అలాంటి గడియారం ఉంది, పాతది 1945లో యుద్ధం చివర్లో ధ్వంసమైతే కమ్యూనిస్టుల కాలంలో మళ్ళీ కట్టారు, సెయింట్ల బదులు కార్మికుల బొమ్మలు పెట్టి. మధ్యాహ్నం పన్నెండుకి టీచరుగారు నన్ను అక్కడ నిలబెట్టి, తమ చిన్నప్పుడు దాని గురించి స్కూల్లో ఏం చెప్పేవాళ్ళో, ఇంట్లో గొంతు తగ్గించి ఏమనుకునేవాళ్ళో రెండూ చెప్పింది. ఆ పక్కనే 35 మీటర్ల హోలీ ట్రినిటీ స్తంభం, 2000లో యునెస్కో జాబితాలో చేరింది, దాన్ని మాత్రం ‘అది పుస్తకంలో చదువుకో’ అని దాటేసింది. రాత్రి అక్కడి త్వారూజ్కీ అనే చీజ్ పెట్టింది. వాసన అచ్చం మన ఎండుచేపల సంచి విప్పినట్టే. నేను కందిపొడి అన్నం పెట్టాను. సరిసమానం.

దీని పక్కన మాగ్డెబర్గ్ పెట్టి చూడండి. జూనియర్ పిల్ల, ఇంకో ఇద్దరు తెలుగమ్మాయిలు కలిసి ఒక ఫ్లాట్. ‘అక్కా, నువ్వు మంచం మీదే’ అని ముగ్గురూ కింద పడుకున్నారు. రాత్రి రెండింటి దాకా కబుర్లు, పప్పుచారు, అప్పడాలు, పార్ట్‌టైమ్ ఉద్యోగాల టెన్షన్లు. నాలుగు రోజుల్లో నేను బహుశా అంతగా ఇంకెక్కడా నవ్వలేదు. ఆ ఊళ్ళో పెద్ద కెథెడ్రల్ ఉంది, 1209లో మొదలుపెట్టి కట్టింది, అందులో పాతకాలపు జర్మన్ చక్రవర్తి ఒట్టో సమాధి. రెండేళ్ళుగా దాని పక్క నుంచి ట్రామ్‌లో కాలేజీకి వెళ్తున్న పిల్ల లోపలికి అడుగు పెట్టలేదట. చివరి రోజు నేనే లాక్కెళ్ళాను. తప్పు దానిది కాదు, చదువూ పనీ ఉన్నవాళ్ళకి ఊరు చూసే తీరికెక్కడిది. కానీ ఫ్రెండ్ ఇంటికి వెళ్తే దొరికేది ఫ్రెండ్, ఊరు కాదు, ఇది ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

హోస్టులకీ ఒక ఖరీదు ఉంది, అది సాయంత్రం. రోజంతా నడిచొచ్చి కాళ్ళు పీకుతున్నా కూర్చుని మాట్లాడాలి, పైగా పరాయి భాషలో. డ్రెస్డెన్‌లో రెండో రాత్రి హోస్ట్ దంపతులు ఇండియా ఎన్నికల గురించి అడుగుతుంటే నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. వాళ్ళు ఇల్లిచ్చేది ఆ కబుర్ల కోసమే, గదిలోకెళ్ళి తలుపేసుకుంటే అది హోటల్‌లా వాడుకున్నట్టే. వియన్నాలో మాత్రం అదృష్టం, హోస్ట్ రాత్రి డ్యూటీ నర్సు, కబుర్లన్నీ పొద్దున కాఫీ దగ్గరే అయిపోయేవి.

భద్రత గురించి అమ్మలందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. కౌచ్‌సర్ఫింగ్ 2020 నుంచి డబ్బు కట్టించుకుంటోంది, అలాంటి సైట్లే అయిన బివెల్‌కమ్, ట్రస్ట్‌రూట్స్ ఉచితం కానీ చిన్న ఊళ్ళలో హోస్టులు తక్కువ. నాకు నచ్చింది సర్వస్, 1949లో డెన్మార్క్‌లో పుట్టిన పాత సంఘం, మనల్ని ఇంటర్వ్యూ చేసి పరిచయ పత్రం ఇస్తారు, మామూలుగా రెండు రాత్రులే. హోస్టుల్లో వయసు పైబడినవాళ్ళే ఎక్కువ, ఒంటరి ఆడపిల్లకి అది మేలే. ఏ సైట్ అయినా అంతకుముందు దిగిన ఆడవాళ్ళు రాసిన మాటలు పూర్తిగా చదవండి, మొదటిసారి బయట కాఫీ దగ్గర కలవండి, ఆ రాత్రికి హాస్టల్ డబ్బు విడిగా దాచుకోండి. మనసు ఒప్పకపోతే కారణం చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. అక్కడ మొహమాటం వద్దు.

హాస్టళ్ళు: పెద్ద నగరాల్లో వాడుకోండి, ఇయర్ ప్లగ్స్ తీసుకెళ్ళండి. ఆక్టోబర్‌ఫెస్ట్ (అక్కడి బీర్ పండుగ) రోజుల్లో మ్యూనిక్ వైపు చూడకండి. పని చేసినందుకు బస ఇచ్చే సైట్లున్నాయి, టూరిస్ట్ వీసా మీద అది ఉద్యోగం కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది, నేను వెళ్ళలేదు.

కాబట్టి ఊరు చూడాలంటే నా ఓటు హోస్టులకే. ఫ్రెండ్ ఇంటికి ఫ్రెండ్ కోసం వెళ్ళండి, బస కోసం కాదు, మూడు రాత్రులు దాటొద్దు. వస్తున్నానని చెప్పేటప్పుడే వెళ్ళే తేదీ కూడా చెప్పేయండి. ఇది నేర్చుకున్నాను కదా అని, వచ్చే ఏడాది మే నెలకి మా రూమ్మేట్‌కి వచ్చే రైలు, గురువారం పొద్దున తిరిగెళ్ళే రైలు రెండూ పంపించాను. ‘ఒసేయ్, టిక్కెట్లు చూపించి మరీ రావడానికి ఇదేమన్నా హోటలా?’ అని రెండు రోజులు అలిగింది. మూడో రోజు మెసేజ్ వచ్చింది: ‘నువ్వు గురువారమే వెళ్తున్నావు కదా, ఖాయమేగా? శుక్రవారం మా ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచేశాను.’