కోవ్‌లోని టైటానిక్ ప్రదర్శనశాల: ఓడతో పాటు ఊరినీ చూడాలి

ఐర్లండ్ దక్షిణ తీరాన, కార్క్ నౌకాశ్రయంలోని గ్రేట్ ఐలండ్ మీద ఉన్న కోవ్ పట్టణంలో, టైటానిక్‌ను నడిపిన ఓడల సంస్థ వైట్ స్టార్ లైన్ ఒకప్పటి టికెట్ కార్యాలయమే ఇప్పుడు ‘టైటానిక్ ఎక్స్‌పీరియన్స్’ అనే ప్రదర్శనశాల. టైటానిక్ ఆగిన చివరి రేవు ఇదే. 1912 ఏప్రిల్ 11న ఇక్కడ 123 మంది ఎక్కారు, వారిలో 113 మంది మూడో తరగతి ప్రయాణికులు. ఓడ నౌకాశ్రయ ముఖద్వారంలోని రోచెస్ పాయింట్ దగ్గర సముద్రంలోనే లంగరు వేసి ఉండగా, ‘ఐర్లండ్’, ‘అమెరికా’ అనే రెండు చిన్న పడవల్లో వారిని అక్కడికి చేర్చారు. లోపలికి వెళ్లేటప్పుడు ఆ 123 మందిలో ఒకరి పేరున్న బోర్డింగ్ కార్డు మన చేతికిస్తారు. ఆ మనిషి బతికిందీ లేనిదీ చివరికి గానీ తెలియదు. కథలను మనసుకు హత్తుకునేలా చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదని నాకు గట్టిగా అనిపించింది. వారు పడవలెక్కిన పాత రేవు వంతెన శిథిలాలు భవనం వెనక నీళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

అయితే వారు ఓడ ఎక్కిన నాటికి ఈ ఊరి పేరు క్వీన్స్‌టౌన్. అంతకుముందు దీన్ని ‘కోవ్ ఆఫ్ కార్క్’ అనేవారు. ఓడలకు గాలివానల నుంచి ఆశ్రయమిచ్చే చిన్న అఖాతాన్ని ఇంగ్లీషులో కోవ్ (Cove) అంటారు. మహాక్షామం దేశాన్ని ఇంకా పీడిస్తూ ఉన్న 1849 ఆగస్టులో విక్టోరియా రాణి ఇక్కడ దిగినప్పుడు, ఆమె గౌరవార్థం ఊరి పేరు మార్చారు. స్వాతంత్ర్య పోరాటం సాగుతున్న 1920లో స్థానిక పాలకమండలి ఆ పేరును తొలగించి పాత పేరునే తిరిగి పెట్టింది, కాకపోతే ఐరిష్ వర్ణక్రమంలో, Cobh అని. ఐరిష్‌లో బి, హెచ్ అక్షరాలు కలిస్తే ‘వ’ అని పలుకుతారు కాబట్టి ఉచ్చారణ మారలేదు. ఆ మాటకు ఐరిష్‌లో సొంత అర్థమేమీ లేదు. రాణి పేరు వద్దనుకున్న ఊరు, ఇంగ్లీషు మాటనే తన భాష అక్షరాల్లో రాసుకుని సొంతం చేసుకుంది.

ఈ చరిత్ర తెలుసుకోవాలంటే రైల్వే స్టేషన్ ఆవరణలోని కోవ్ హెరిటేజ్ సెంటర్‌కు కూడా వెళ్లాలి. 1848 నుంచి 1950 వరకు ఐర్లండ్ విడిచిన దాదాపు 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ రేవు నుంచే వెళ్లారు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లోని వలసదారుల నమోదు కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌లో అందరికంటే ముందు నమోదైన ఆనీ మూర్ కూడా ఇక్కడే ఓడ ఎక్కింది. తమ్ముళ్లిద్దరితో ఉన్న ఆమె విగ్రహం సెంటర్ బయటే కనిపిస్తుంది. కార్క్ నుంచి రైలులో వచ్చేవారు ముందు ఇది చూసి, తర్వాత టైటానిక్ ప్రదర్శనశాలకు నడిచి వెళ్తే, చేతిలోని కార్డు మీది ప్రయాణికులు ఎందుకు వలస వెళ్లారో అప్పటికే తెలిసి ఉంటుంది.