డిజైన్ స్టూడెంట్లూ, ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు అగ్రిమెంటు చదవండి

బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్, మల్టీమీడియా డిగ్రీలు చదివే పిల్లల్ని ఈమధ్య ఫైనలియర్‌లోనే పట్టుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ నేర్పుతామని కాదు, ‘కెరీర్ మెంటర్‌షిప్’ అని. పోర్ట్‌ఫోలియో చేయిస్తాం, రెజ్యూమె రాసిస్తాం, ఉద్యోగం వచ్చేదాకా పూచీ మాదే అంటారు. మా తమ్ముడు అమీర్‌పేటలో ఒకచోట 65,000 రూపాయల ప్యాకేజీ తీసుకున్నాడు. నాకు చెప్పేసరికి సంతకాలు కూడా అయిపోయాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదులెండి, రేపు బోర్డు మార్చేస్తారు, అగ్రిమెంటు మాత్రం అదే ఉంటుంది.

ఆ అగ్రిమెంటు గురించే ముందు చెప్పాలి. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో ‘100 శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ’. అగ్రిమెంటు చివరి పేజీల్లో సన్నక్షరాలతో ఉన్నది వేరు. మూడు ఇంటర్వ్యూ కాల్స్ ఇప్పిస్తే సంస్థ బాధ్యత తీరినట్టే. హాజరు 90 శాతానికి తగ్గినా, ఒక్క అసైన్‌మెంట్ ఆలస్యమైనా, వచ్చిన కాల్స్‌లో ఏ ఒక్కదానికి వెళ్లకపోయినా గ్యారంటీ రద్దు. జీతం ఎంత, ఊరు ఏది, పని ఏమిటి అన్నది ఎక్కడా లేదు. మావాడికి వచ్చిన మొదటి కాల్ రియల్ ఎస్టేట్ ఆఫీసు నుంచి. పొద్దున ప్లాట్ల కోసం ఫోన్లు చేయాలట, ఖాళీ దొరికితే వాట్సాప్ పోస్టర్లు చేయాలట. వీడు వద్దన్నాడు. వాళ్లకు కావలసిందీ అదే. ‘క్యాండిడేట్ నిరాకరించారు’ అని ఆరోజు సాయంత్రానికే మెయిల్ వచ్చింది. అంత చురుగ్గా వాళ్లు ఏ అసైన్‌మెంటూ దిద్దలేదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ అప్పు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారు కాబట్టి ఫీజే వాయిదాల్లో కడుతున్నామని మా నాన్న అనుకున్నారు. నల్గొండ నుంచి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, “అంకుల్, మీరేం టెన్షన్ పడకండి, రిజిస్ట్రేషన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి” అన్నారట. ఆ ఓటీపీతో ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) దగ్గర మా నాన్న పేరున లోన్ మంజూరైంది. మొత్తం సొమ్ము ఇన్‌స్టిట్యూట్‌కి ఒకేసారి వెళ్లిపోయింది. ఇక క్లాసులు జరిగినా జరగకపోయినా వాళ్లకు పోయేదేం లేదు. కోర్సు మానేసినా ఈఎంఐ మనమే కట్టాలి, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లెండింగ్ నిబంధనల ప్రకారం ఇలాంటి లోన్‌కి ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ (లోన్ ముఖ్య వివరాల కాగితం) ఇచ్చి తీరాలి. అందులో కూలింగ్-ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకోవడానికి ఇచ్చే గడువు, రాసి ఉంటుంది. ఆ గడువులోగా అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు చాలా చిన్నది. కాబట్టి కౌంటర్ దగ్గర ఎవరైనా ఓటీపీ అడిగితే ఆ మెసేజ్ ఎవరు పంపారో చదవకుండా చెప్పొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ముందే చెప్పి పంపండి.

సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. చెప్పిన పనైనా చేశారా?

నేను ప్యాకేజింగ్ డిజైన్‌లో పనిచేస్తాను, ఫ్రెషర్ల పోర్ట్‌ఫోలియోలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తమ్ముడి బిహాన్స్ (డిజైనర్లు తమ పని పెట్టే వెబ్‌సైట్) లింక్ తెరవగానే నాకు అన్నీ చూసిన ముఖాల్లాగే కనిపించాయి. అదే కాఫీ షాపు లోగో, అదే స్నీకర్ పోస్టర్, అదే ఫుడ్ డెలివరీ యాప్ స్క్రీన్లు. బ్యాచ్ మొత్తానికి ఒకటే బ్రీఫ్ (ఏం చేయాలో చెప్పే పని వివరం), ఒకటే మాకప్ (డిజైన్‌ని వస్తువు మీద చూపే నమూనా). రంగు మార్చుకోవడం వరకే స్వేచ్ఛ. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకు ఇది రెండో పోర్ట్‌ఫోలియో దగ్గరే తెలిసిపోతుంది, మూడోది తెరవరు.

అందులో మావాడు సొంతంగా చేసింది ఒక్కటే, సంక్రాంతికి బట్టల షాపు పోస్టర్. ఆలోచన బావుంది. కానీ ‘వస్త్రాలయం’ అన్న మాటలో ఒత్తులు విడిపోయి, అక్షరాల పక్కన పొల్లులు వేలాడుతున్నాయి. మెంటర్ ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఆ మాటను గూగుల్‌లో టైప్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, దానిమీద ట్రేస్ చేసుకోమని! పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే, బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సుల్లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేస్తే తీరిపోయే సమస్య అది. హైదరాబాద్‌లో, విజయవాడలో డిజైనర్ చేతికి వచ్చే పనిలో తెలుగు ఎంత ఉంటుందో ఆలోచించండి. పెళ్లిపత్రికలు, పచ్చళ్ల ప్యాకెట్లు, నాయకుల ఫ్లెక్సీలు, సినిమా పోస్టర్లు. ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో అను ఫాంట్లతోనే కంపోజ్ చేస్తారు, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఆ మేటర్ తెచ్చి వేరే ఫైల్లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఈ తేడా తెలిసి, ప్రింటింగ్‌కి వాడే సీఎంవైకే రంగుల్లో, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదిలి ఫైల్ ఇవ్వగలిగిన కుర్రాణ్ణి మేం కళ్లకద్దుకుని తీసుకుంటాం. 65,000 తీసుకున్నవాళ్లు ఇందులో ఒక్కటీ చెప్పలేదు. ఊళ్లో ఏ ఆఫ్‌సెట్ ప్రెస్సులోనైనా సెలవుల్లో కూర్చుంటే ఊరికే వచ్చే విద్య ఇది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఇలస్ట్రేటర్ చెప్పిన సార్ మంచివాడే. జీతం సరిగా ఇవ్వక ఆయన మధ్యలోనే వెళ్లిపోయారు. అందుకే కౌన్సెలర్‌తో గంటలు మాట్లాడే బదులు, పాఠం చెప్పే మనిషిని కలుస్తానని అడగండి, ఆయన పని చూపించమనండి. పాత విద్యార్థుల వీడియోలు చూసి నమ్మొద్దు. వాళ్ల లింక్డ్‌ఇన్ వెతికి, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో మీరే నేరుగా మెసేజ్ పెట్టి అడగండి.

సర్టిఫికెట్ సంగతి కూడా వినండి. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ తయారుచేసే అడోబ్ కంపెనీ లోగో వేసి వీళ్లే ప్రింట్ చేసిచ్చారు. అసలైన అడోబ్ సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కావాలంటే సెర్టిపోర్ట్ అనే పరీక్షల సంస్థ ద్వారా పరీక్ష రాసి పాసవ్వాలి, క్రెడ్లీ అనే సైట్‌లో డిజిటల్ బ్యాడ్జ్ వస్తుంది, ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. పైగా ఇంకో 15,000 ఇస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇప్పిస్తామన్నారు. దీని జోలికి మాత్రం అస్సలు పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు పెట్టి పీఎఫ్ సర్వీసు చూస్తారు. అక్కడ దొరికిపోతే వచ్చిన ఉద్యోగమూ పోతుంది, కంపెనీ రికార్డులో పేరూ పాడవుతుంది. లెటర్ అమ్మినవాడు ఫోనెత్తడు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు రీఫండ్ నోటిమాటగా అడగొద్దు, మెయిల్‌లో అడగండి. 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, నంబరు ఇస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మేం నల్గొండలోనే వేశాం. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ఇవాళే చేయాల్సిన పని, వాళ్ల బ్రోషర్ పీడీఎఫ్, వెబ్‌సైట్ పేజీల స్క్రీన్‌షాట్లు, రసీదులు, లోన్ కాగితాలు మీ మెయిల్‌కి మీరే పంపుకోవడం. వాట్సాప్ గ్రూప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, మేం మెయిల్ పెట్టిన మర్నాడే అడ్మిన్ తన మెసేజ్‌లు డిలీట్ చేయడం మొదలుపెట్టాడు. వెబ్‌సైట్‌లో ‘100 శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నది కూడా ఇప్పుడు ‘100 శాతం ప్లేస్‌మెంట్ సహాయం’ అయింది. పాతది మా దగ్గర తేదీతో సహా భద్రంగా ఉంది.