రొజేషియాకి పాత జెల్లా, కొత్త క్రీమా?

పర్లాకిమిడిలో మా పిన్నికి పొయ్యి దగ్గర నిలబడితే చాలు, ముక్కు, చెంపలు భగ్గుమంటాయి. బ్రహ్మపురంలోని చర్మవైద్యుడు రొజేషియా (ముఖం ఎర్రబడి పొక్కులొచ్చే చర్మవ్యాధి) అని తేల్చి రెండు మందులు చెప్పారు: మెట్రోనిడజోల్ 0.75 శాతం జెల్ లేదా ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్. చామనఛాయ ముఖంలో ఎరుపు అంతగా కనబడదు కాబట్టి చాలామంది దీన్ని మొటిమలనుకుంటారు.

జెల్ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నదే. పూటకోసారి, రోజుకి రెండుసార్లు రాయాలి. ఇంటెడు చాకిరీలో రెండో పూట ఎగ్గొట్టడం మామూలే.

క్రీమ్‌కి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. రోజుకి ఒక్కసారి చాలు. నుదురు, గడ్డం, ముక్కు, రెండు చెంపలు, ఒక్కోచోటికీ బఠాణీ గింజంత. వాపు తగ్గించడంతో పాటు చర్మరంధ్రాల్లో ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగుల మీద కూడా పనిచేస్తుంది. దీన్ని 0.75 శాతం మెట్రోనిడజోల్ క్రీమ్‌తో 16 వారాలు పోల్చిన పరీక్షలో పొక్కులు ఐవర్‌మెక్టిన్‌తో సుమారు 83 శాతం, మెట్రోనిడజోల్‌తో 74 శాతం తగ్గాయి. అంటే జెల్‌లో ఉండే మెట్రోనిడజోల్ మరీ తీసిపారేసేదేం కాదు.

పైకి తేలిన సన్నటి రక్తనాళాలు మాత్రం రెంటితోనూ పోవు.

డబ్బుకి ఇబ్బంది లేకపోతే నా ఓటు క్రీమ్‌కే. ఏది రాసినా పగలు సన్‌స్క్రీన్ తప్పదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు జోలికి మాత్రం పోవద్దు, నాలుగు రోజులు తెల్లగా మెరిపించి ఇదే జబ్బును ఇంకా ముదరబెడుతుంది.