హనుమకొండ నాణేల కొట్టులో ఫిజీ డబ్బా: కొనొచ్చు, కార్డు మాత్రం నమ్మొద్దు

నాణేలు పోగేసే పిచ్చి ఉన్న వరంగల్ వాళ్లకి ఈ కొట్టు తెలిసే ఉంటుంది. హనుమకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే సందులో ఉంటుంది, బోర్డు కూడా ఉండదు. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద నాలుగు తిట్లున్నాయి. అసలు సరుకు చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలే, అంటే నిజాం కాలం నాటి హైదరాబాద్ నాణేలే, వాటికి ధర న్యాయంగానే చెప్తాడు. ఈమధ్య కొత్తగా ఫిజీ నాణేల డబ్బా ఒకటి తెచ్చి పెట్టాడు, నేను రాసేది దాని గురించే.

డబ్బాలో షిల్లింగులు విడిగా, ప్లాస్టిక్ కవర్లలో, ఒక్కోదానికి ఒక కార్డు గుచ్చి ఉన్నాయి. కార్డు మీద "గిరిమిట్ కూలీ నాణెం, 1934". గిరిమిట్ అంటే అగ్రిమెంట్, ఒప్పందం మీద మన దేశం నుంచి ఫిజీ తోటలకి పోయిన కూలీలన్నమాట. ధర తొమ్మిది వందలు. అదే షిల్లింగు కార్డు లేకుండా అడిగితే మూడు వందల యాభై! "తీస్కో తమ్మీ, మనోళ్లు చెరుకు తోటల్ల కష్టపడి తెచ్చుకున్న పైసలివి" అంటాడు కాకా. వినడానికి బాగానే ఉంటుంది, మనసు కూడా కరుగుతుంది, కానీ లెక్క కుదరదు. బ్రిటిష్ వాళ్లు ఫిజీని తీసుకున్నది 1874 అక్టోబర్ 10న. మన దేశం నుంచి కూలీలతో మొదటి ఓడ, లియోనిదాస్, కలకత్తా నుంచి వెళ్లింది 1879లో. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, తెలుగు జిల్లాల వాళ్లు పోయింది వాటిలోనే. మొత్తం 60 వేల మందికి పైగా వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం, చెప్పిన పని పూర్తయితే మగవాళ్లకి రోజుకి ఒక షిల్లింగు, ఆడవాళ్లకి తొమ్మిది పెన్నీలు. చివరి ఓడ 1916లో వెళ్లింది, 1920లో ఒప్పందాలే రద్దయ్యాయి. ఫిజీకి సొంత నాణేలు వచ్చింది 1934లో! అంటే గిరిమిట్ కూలీలకి ఒప్పందం కింద ముట్టింది బ్రిటన్ షిల్లింగులే తప్ప ఇవి కావు. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోయిన వాళ్లూ, వాళ్ల పిల్లలూ తర్వాత వీటిని వాడారు, అది నిజమే, కానీ కార్డు మీద ఉన్నది అది కాదు కదా. ఇదే మాట కాకాతో అంటే నవ్వి "కార్డు నేను రాయలే, సరుకుతోటి వచ్చింది" అన్నాడు. మరి ఆ ఐదు వందల యాభై ఎవరి జేబులోకి పోతున్నట్టు?

కార్డు పక్కన పడేస్తే నాణేలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. షిల్లింగు మీద తెరచాప ఎత్తిన పడవ, ఆరు పెన్నీల మీద తాబేలు, పసుపు రంగు మూడు పెన్నీల మీద గడ్డి గుడిసె. రెండు షిల్లింగుల ఫ్లోరిన్ మీద ఫిజీ రాజముద్ర ఉంటుంది, జాగ్రత్తగా చూస్తే అందులో ఒక గడిలో చెరుకు గడలు కనిపిస్తాయి. మనవాళ్ల ఊసు కావాలంటే నన్నడిగితే అది కొనుక్కోవాలి, ఏ అబద్ధం అవసరం లేదు.

ఇక చిల్లు పెన్నీలు. మన దగ్గర 1943 నుంచి 47 దాకా వచ్చిన చిల్లు పైసా లాగే మధ్యలో రంధ్రం, రాజు తల ఉండాల్సిన చోట ఖాళీ. దానివల్లే ఒక తమాషా జరిగింది. ఎడ్వర్డ్ 8 గద్దె మీద ఏడాది కూడా లేడు, బ్రిటన్‌లో అతని బొమ్మతో నాణేలు చలామణిలోకి రాకముందే దిగిపోయాడు, కానీ తలతో పని లేని ఈ పెన్నీ మీద 1936లో అతని పేరు ఎక్కేసింది. కాకా దీన్ని "చాలా రేర్" అని రెండు వేలు చెప్తున్నాడు. పేరు విశేషమే కానీ నాణెం అంత అరుదేం కాదు, గట్టిగా బేరం ఆడండి లేదా వదిలేయండి.

అసలు బేరం ఇంకో చోట ఉంది, కాకాకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. యుద్ధం రోజుల్లో, 1942, 43లో, ఫిజీ నాణేలు అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టారు, వాటి మీద చిన్న ఎస్ అక్షరం ఉంటుంది. అంతకుముందు వెండి నాణేల్లో వెండి 50 శాతమే, వీటిలో 90 శాతం. కొట్టులో మాత్రం ఫ్లోరిన్లు అన్నిటికీ ఒకటే రేటు. అదే రెండేళ్ల పెన్నీలు ఇత్తడివి, మిగతా ఏళ్లవి రాగి, నికెల్ కలిపినవి, రంగు చూస్తేనే తెలిసిపోతుంది.

పెద్ద కంప్లైంట్ ఒకటుంది. సగం నాణేలు చింతపండుతో తోమారు, ఇంకేం పెట్టి రుద్దారో కానీ మిలమిలా మెరుస్తున్నాయి, లెన్స్ పెడితే సన్నటి గీతలు. పూజ సామాను తోమినట్టు తోమితే నాణెం విలువ పోతుంది, తెలిసిన కలెక్టర్ ఎవడూ మళ్లీ కొనడు. నల్లగా, మురికిగా ఉన్నవే అడగండి, అవి కింద డబ్బాలో ఉంటాయి, ముందు చూపించడు. కొన్నిటికి లాకెట్ కొక్కెం అతికించి తీసిన గుర్తులు కూడా ఉన్నాయి, అంచు చుట్టూ తిప్పి చూసుకోండి.

ఫోన్‌పే తీసుకుంటాడు, బిల్లు ఇవ్వడు, అడిగితే చిట్టీ మీద రాసిస్తాడు. వాపసు లేదు. మనిషి మాత్రం మంచోడే, తూకం వేసి చూస్తానంటే కాటా ఇచ్చాడు, ఎంతసేపు కూర్చున్నా విసుక్కోలేదు. నేను కార్డు లేని షిల్లింగు ఒకటి, 1942 ఫ్లోరిన్లు రెండు తెచ్చుకున్నా. 43వి ఇంకా ఉన్నాయి.